వేళ్ళ బూట్లు, రాతి దారులు: తూర్పు హైదరాబాదు నడకకు తగిన ఎంపికపై ఒక సమీక్ష

కొండదారిలో నడిచేవారికి ఎలాంటి పాదరక్ష కావాలన్న ప్రశ్నకు గత ఇరవై ఏళ్ళుగా రెండు విరుద్ధమైన సమాధానాలు వినిపిస్తున్నాయి. మందమైన అట్ట, మడమ కింద మెత్తని పొర, చీలమండను కప్పే ఎత్తు ఉన్న బూటే పాదాన్ని రాతి నుంచీ ముల్లు నుంచీ కాపాడుతుందన్నది మొదటిది కాగా, పాదం తనంతట తాను నేలను గుర్తించి సర్దుకోగల అవయవం కనుక దాన్ని ఎంత తక్కువగా కప్పితే అంత మేలన్నది రెండవది. ఈ రెండవ వాదం నుంచి పుట్టినవే వట్టికాళ్ళ తరహా బూట్లు. అట్ట పలుచగా ఉండి, మడమకూ మునిపాదానికీ ఎత్తులో తేడా లేకుండా, వేళ్ళు విచ్చుకోవడానికి చోటు వదిలి తయారుచేసిన బూట్లన్నీ ఈ కోవలోకి వస్తాయి. వాటిలో ఒక్కొక్క వేలికి ఒక్కొక్క గూడు విడిగా కుట్టి చేసినవి వేళ్ళ బూట్లు. ఉప్పల్, నాచారం పరిసరాల్లో నివసిస్తూ సెలవు రోజుల్లో మౌలాలి గుట్టకో, భువనగిరి కోటకో, రాచకొండకో, అనంతగిరికో వెళ్ళేవారికి ఈ బూట్లు ఎంతవరకు పనికివస్తాయన్నది విడిగా పరిశీలించవలసిన విషయం. ఎందుకంటే ఈ అంశంపై వచ్చిన రచనల్లో అధికభాగం ఐరోపా, అమెరికాల కొండబాటలను దృష్టిలో పెట్టుకొని రాసినవే గాని, దక్కను గ్రానైటు బండను, దాని మీది మొరాన్ని, సర్కారు తుమ్మ ముల్లును చూసి రాసినవి కావు.

వేళ్ళ బూటు ఆలోచన ఇటలీకి చెందిన రూపశిల్పి రాబర్ట్ ఫ్లిరిది. దాన్ని స్వీకరించి ఫైవ్‌ఫింగర్స్ అన్న పేరుతో 2000ల దశాబ్దం నడుమ అమ్మకానికి తెచ్చినది విబ్రామ్ సంస్థ. 1935లో ఆల్ప్స్ పర్వతాల్లో ఆరుగురు సహచరులను పోగొట్టుకొన్న విటాలే బ్రమానీ, వారు తొడుక్కున్న పాదరక్షలు ఆ వాతావరణానికి తగినవి కాకపోవడం కూడా ఆ దుర్ఘటనకు ఒక కారణమని భావించి, 1937లో లోతైన పళ్ళున్న రబ్బరు అట్టను రూపొందించి ఆ సంస్థకు పునాది వేశాడు. మందమైన కొండబూటు అట్టను లోకానికి ఇచ్చిన సంస్థే, ఏడు దశాబ్దాల తరువాత, అట్టను వీలైనంత పలుచన చేసిన బూటునూ ఇచ్చిందన్నమాట. 2009లో క్రిస్టఫర్ మెక్‌డూగల్ రాసిన ‘బార్న్ టు రన్’ పుస్తకం మెక్సికో కొండల్లో పలుచని చెప్పులతో పరుగెత్తే తరాహుమారా ప్రజల గురించి చెప్పి ఈ బూట్లకు విపరీతమైన ప్రచారం తెచ్చింది. మరుసటి ఏడాది హార్వర్డ్ శాస్త్రవేత్త డేనియల్ లీబర్‌మన్ బృందం ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం, వట్టికాళ్ళతో పరుగెత్తడానికి అలవాటుపడినవారు తరచుగా మునిపాదాన్ని ముందుగా ఆనిస్తారనీ, అందువల్ల మడమను ముందు ఆనించేవారి కాలికి తగిలే తొలి తాకిడి వీరికి చాలా తక్కువగా ఉంటుందనీ చూపింది.

అయితే ఆ అధ్యయనం పరుగుకు సంబంధించినది. నడకలో మనిషి చెప్పులున్నా లేకున్నా సాధారణంగా మడమనే ముందు ఆనిస్తాడు. పరుగులో వచ్చే తాకిడి నడకలో రాదు. కొండ నడక కోసం వేళ్ళ బూట్లు కొనేవారు పరుగు గురించి వచ్చిన మాటలను యథాతథంగా నడకకు అన్వయించుకోవడమే ఈ చర్చలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు. ఈ బూట్ల వల్ల కలుగుతాయని చెప్పిన ఆరోగ్య ప్రయోజనాలకు తగిన శాస్త్రీయ ఆధారం లేదంటూ 2012లో అమెరికాలో దాఖలైన దావాను, తప్పును అంగీకరించకుండానే, 2014లో 37.5 లక్షల డాలర్లకు విబ్రామ్ పరిష్కరించుకొంది. ఆ పరిష్కారంతో ఉత్సాహం చల్లబడిన మాట నిజమే గాని, బూటు పనికిరానిదని దానివల్ల రుజువు కాలేదు. వాగ్దానాలు ఆధారాలను మించిపోయాయన్నది మాత్రమే తేలింది.

ఆధారాల విషయానికి వస్తే, పరస్పరం విరుద్ధంగా కనిపించే రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చదవడం మేలు. సారా రిడ్జ్ బృందం 2013లో ప్రచురించిన మొదటి దానిలో, పరుగులో అనుభవమున్న 36 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టును పది వారాల్లో క్రమంగా వేళ్ళ బూట్లకు మార్చి, ముందూ వెనకా ఎం.ఆర్.ఐ. తీశారు. మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లోని మజ్జలో వాపు పెరిగినట్టు కనిపించింది. పాత బూట్లలోనే కొనసాగిన 17 మందిలో ఒక్కరికే అలా జరిగింది. మజ్జలో వాపు అంటే ఎముక తనమీద పడే భారానికి తట్టుకోలేకపోతోందనడానికి తొలి సంకేతం. నిర్లక్ష్యం చేస్తే అది సన్నని పగులుగా మారవచ్చు. అదే పరిశోధకురాలి బృందం 2019లో ప్రచురించిన రెండవ అధ్యయనంలో పరుగు లేదు, నడకే ఉంది: పలుచని అట్ట బూట్లతో మొదటి రెండు వారాలు రోజుకు 2,500 అడుగులు, తరువాతి రెండు వారాలు 5,000, ఆపైన 7,000 చొప్పున ఎనిమిది వారాలు నడిచినవారి పాదం కండరాలు, ప్రత్యేక వ్యాయామాలు చేసినవారి కండరాలతో సమానంగా బలపడ్డాయి. ఈ రెండిటినీ కలిపి చూస్తే బూటు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న వెనక్కి వెళ్ళి, ఏ పాదం, ఎంత దూరం, ఎంత తొందరగా అన్న ప్రశ్నలు ముందుకు వస్తాయి.

దక్షిణ భారత పాఠకులకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం మరొకటి ఉంది. యు.బి. రావు, బెంజమిన్ జోసెఫ్ 4 నుంచి 13 ఏళ్ళ మధ్య వయసున్న 2,300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించి 1992లో ప్రచురించిన సర్వేలో, బూట్లు తొడిగే పిల్లల్లో 8.6 శాతం మందికి, చెప్పుల్లేకుండా తిరిగేవారిలో 2.8 శాతం మందికి చదును పాదం, అంటే అరికాలి వంపు నేలకు ఆనిపోవడం, కనిపించింది. వేళ్ళను పూర్తిగా మూసే బూట్లు వేసుకొనేవారిలో ఇది ఎక్కువగానూ, తెరచిన చెప్పులు వేసుకొనేవారిలో తక్కువగానూ ఉండడం ఆ సర్వేలో గమనించదగిన అంశం. 2009లో క్రిస్టియాన్ దావూ బృందం భారతదేశంలో జరిపిన మరో పరిశీలన, జీవితమంతా వట్టికాళ్ళతో నడిచినవారి మునిపాదం వెడల్పుగా ఉండి, ఒత్తిడి అరికాలంతటా సమంగా పరచుకొంటుందని చూపింది. మాదిగ చర్మకారులు తరతరాలుగా కుట్టిన, బొటనవేలు దూర్చే ఉంగటం ఉన్న తోలుచెప్పు కూడా ఎత్తు మడమ లేకుండా, వేళ్ళను నొక్కకుండా ఉండేదే కనుక, వట్టికాళ్ళ తరహా సూత్రాల్లో మంచివనదగిన వాటిలో కొన్ని ఈ నేలకు కొత్తవేమీ కావు.

అలాగని వట్టికాళ్ళను ఆదర్శంగా కీర్తించడం కూడా సరికాదు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టు, మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో చలి వాతావరణంలో ఎక్కువమంది ఆటగాళ్ళు బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయింది. ఆ పోటీల్లో రజతం గెలిచిన యుగోస్లావియా మేటి జట్టే కనుక ఓటమికి కాళ్ళొక్కటే కారణమనలేము. అయినా ఆ తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. సొంత నేల మీద చాలినంతగా పనిచేసిన పాదం వేరే నేల మీద, వేరే వాతావరణంలో చాలకపోవచ్చునని దీనివల్ల అర్థమవుతుంది.

కాబట్టి నేలను చూడవలసి ఉంది. హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది. ఎండకూ వానకూ పొరలు పొరలుగా విడిపోయి గుండ్రని బండలుగా, విశాలమైన పలకలుగా మారే ఈ రాతి ఉపరితలం గరుకుగా ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు దాని మీద రబ్బరు చక్కగా పట్టుకొంటుంది. ఇక్కడ అట్టకున్న పళ్ళ లోతు కన్నా రబ్బరు నాణ్యత, రాతిని ఆనిన వైశాల్యం ముఖ్యమైనవి. పలుచని అట్ట రాతి వాలును అరికాలికి వెంటనే తెలియజేస్తుంది, వేళ్ళు విడివిడిగా వంగి చిన్న అంచును సైతం పట్టగలవు. వేళ్ళ బూట్లకు తెలంగాణలో అన్నిటికన్నా అనుకూలమైన చోటు పొడి బండేనన్నది నిస్సందేహం. అయితే అదే బండ మీద వాననీళ్ళు జాలువారిన చోట నల్లటి చారలు కనిపిస్తాయి. సూక్ష్మజీవులు, పాచి పెరిగిన ఆ చారలు ఎండలో నిరపాయంగా ఉండి, చినుకు పడగానే విపరీతంగా జారుతాయి. వాటి మీద ఏ అట్టా నమ్మదగినది కాదు. ఇక గ్రానైటు శిథిలమై ఏర్పడిన మొరం బండ వాలు మీద పలుచగా పరచుకొని ఉంటే, దాని గింజలు పాదం కింద దొర్లుతాయి గనుక లోతైన పళ్ళు కూడా అక్కరకు రావు. అడుగు చిన్నదిగా వేసి, బరువును నిలువుగా దించడం తప్ప మార్గం లేదు.

రాయి కన్నా పెద్ద ప్రమాదం ముల్లు. ఊళ్ళ చుట్టూ, చెరువు కట్టల వెంట, పాడుబడిన కోటల్లో అల్లుకుపోయిన సర్కారు తుమ్మ ఎండుకొమ్మ నేలలో సగం పూడి ఉన్నప్పుడు, నిటారుగా నిలిచిన దాని ముల్లు నాలుగైదు మిల్లీమీటర్ల మెత్తని రబ్బరును తేలిగ్గా దాటి అరికాల్లో దిగుతుంది. నల్లతుమ్మ, రేగు, పల్లేరు కాయలు దీనికి తోడు. వేళ్ళ బూటుకు అదనంగా ఒక లోపం ఉంది: వేళ్ళ మధ్య సందుల్లో ఎండుపుల్లలు, గడ్డిపరకలు చిక్కుకొంటాయి, పొదల నడుమ కాలిబాటలో వేగంగా నడిచేటప్పుడు చిటికెనవేలు ఒక వైపు, మిగిలిన పాదం మరో వైపు లాగబడి వేలు బెణికే అవకాశం ఉంది. మూసిన బూటులో ఈ ఇబ్బంది రాదు. వేసవి మాటకు వస్తే, మార్చి నుంచి జూన్ వరకు పగటిపూట బండ వేడి పలుచని అట్టలోంచి పాదానికి నేరుగా తగులుతుంది.

ఈ కొలతలతో చూస్తే దారులు వేటికవి విడిపోతాయి. నాచారానికి ఆనుకొని ఉన్న మౌలాలి గుట్ట, కుతుబ్‌షాహీల కాలం నుంచి దర్గాకు ప్రసిద్ధి చెందినది; మెట్లున్న బండగుట్ట కనుక పలుచని అట్టలకు అలవాటు పడుతున్నవారికి ఇది మంచి తొలి పరీక్ష. ఉప్పల్ మీదుగా వెళ్ళే వరంగల్లు రహదారిలో సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఉన్న భువనగిరి కోట, చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన ఏకశిల. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్‌లకు శేఖర్‌బాబు బచినేపల్లి తొలి శిక్షణ ఇచ్చింది ఈ బండ మీదనే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పొడిగా ఉండే ఉదయాల్లో భువనగిరి బండకు వేళ్ళ బూట్లు చక్కగా సరిపోతాయి. పద్మనాయకుల నాటి రాచకొండ వేరు: శిథిలాల నడుమ ముళ్ళపొదలు దట్టంగా ఉన్న ఆ దారికి వీటిని సిఫారసు చేయలేము. వికారాబాదు అనంతగిరి ఎర్రమట్టి వర్షాకాలంలో బురదై పలుచని పళ్ళ మధ్య పేరుకొంటుంది, ఆకుల కింద ఏముందో కనిపించదు. అక్కడ లోతైన పళ్ళున్న మూసిన బూటే మెరుగు. నల్లమలలో చైత్ర పౌర్ణమి వేళ జరిగే సలేశ్వరం జాతరకు వట్టికాళ్ళతో వెళ్ళే భక్తులు వేలమంది ఉన్నా, వారి పాదాలకు చిన్ననాటి నుంచి ఏర్పడిన గట్టిదనం నగరవాసికి ఒక్క బూటు కొన్నంతలో రాదు.

ఈ దారుల్లో చాలావాటికి ఒక సామ్యం ఉంది. తెలుగునాట కొండ నడక తరచు గుడి దగ్గరో దర్గా దగ్గరో ముగుస్తుంది, అక్కడ పాదరక్షలు విడవాలి. వేళ్ళ బూటు తొడగడం ఒక్క ఊపులో అయ్యే పని కాదు. చెమట పట్టిన పాదానికి ఐదు వేళ్ళనూ ఒక్కొక్కటిగా గూటిలోకి సర్దుతూ, చిటికెనవేలు పక్కగూటిలోకి పోతే మళ్ళీ తీసి పెడుతూ, మెట్ల మీద ఒంటికాలిపై నిలబడి ఈ పని చేయవలసి రావడం అలవాటయ్యే దాకా చిరాకు కలిగిస్తుంది. వేళ్ళ మేజోళ్ళు కూడా తొడిగితే ఆ శ్రమ రెట్టింపవుతుంది. దారిలో మూడు చోట్ల బూట్లు విప్పవలసి ఉంటే విశాలమైన ముందుభాగమున్న మామూలు వట్టికాళ్ళ తరహా బూటునే ఎంచుకోవడం వివేకం.

కొలత విషయంలో తెలుగు స్త్రీలకు సంబంధించిన ముఖ్యమైన అంశాన్ని విదేశీ సూచనలేవీ ప్రస్తావించవు. పెళ్ళయిన స్త్రీలు రెండవ వేలికి పెట్టుకొనే మెట్టెలు వేళ్ళ బూటు గూటిలో ఇమడవు. సన్నని వెండి చుట్టు అయితే ఇమిడినట్టే అనిపించినా, దిగుడు దారిలో వేలు ముందుకు తోసుకొన్న ప్రతిసారీ లోహం వేలి మొదట్లో ఒరుసుకొని, గంట గడిచేసరికి చర్మం చిట్లుతుంది. పాదం ఉబ్బితే మెట్టెను తీయడం కూడా కష్టమవుతుంది. మెట్టెలు తీసి నడవడానికి ఇష్టపడనివారు వేళ్ళ బూట్ల జోలికి పోకుండా వెడల్పు ముందుభాగమున్నవి తీసుకోవడమే మంచిది; పాదానికి దక్కవలసిన మేలులో అధికభాగం వాటిలోనూ దక్కుతుంది.

ఇక మిగిలినవారికి: వేళ్ళ బూట్ల కొలతను చాలావరకు మడమ నుంచి బొటనవేలి కొన దాకా తీస్తారు. బొటనవేలి కన్నా రెండవ వేలు పొడుగ్గా ఉన్నవారికి ఆ కొలత ప్రకారం రెండవ గూడు పొట్టిదవుతుంది. రెండు వేళ్ళు చర్మంతో కలిసి ఉన్నవారికి ఈ బూటు అసలే పట్టదు. చెన్నైలోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ దేశవ్యాప్తంగా లక్షమందికి పైగా ప్రజల పాదాలను కొలిచి, భారతీయుల పాదాలు విదేశీ కొలతలు ఊహించిన దానికన్నా వెడల్పైనవని గుర్తించి, ‘భ’ అన్న పేరుతో స్వదేశీ కొలతల పద్ధతిని ప్రతిపాదించింది. విదేశీ కొలతలతో పొడవు సరిపోయిన వేళ్ళ బూటు చిటికెనవేలి వద్ద బిగుతుగా ఉండడానికి కారణం ఇదే. సాయంత్రం పాదం కొంత ఉబ్బి ఉన్నప్పుడు, నిలబడి, రెండు పాదాలనూ కాగితం మీద విడివిడిగా గీసి, పెద్ద పాదాన్ని ప్రమాణంగా తీసుకోవాలి. ఈ బూట్లు ఎక్కువగా దిగుమతి అయ్యేవే కనుక, తొడిగి చూడకుండా తెప్పించుకొనేవారు మార్పిడి సదుపాయం లేనిచోట కొనకూడదు.

బూటును బూటుగా అంచనా వేయడానికి 2015లో ఎస్కులియే బృందం పలు దేశాల నిపుణుల అభిప్రాయాలతో రూపొందించిన సూచిక ఉపయోగపడుతుంది. బరువు, వంగే గుణం, మడమకూ మునిపాదానికీ ఎత్తు తేడా, అట్ట మొత్తం మందం, పాదం కదలికను అదుపుచేసే అమరికలు అన్న ఐదు అంశాలకు విడివిడిగా మార్కులు వేసి, బూటు వట్టికాళ్ళకు ఎంత దగ్గరగా ఉందో నూటికి ఇంత అని చెప్పే పద్ధతి అది. వేళ్ళకు విడివిడి గూళ్ళుండడం ఆ ఐదింటిలో లేదన్నది గమనించాలి. ఎత్తు తేడా లేకపోవడం, తేలిగ్గా వంగడం, వేళ్ళు విచ్చుకోవడం అన్న మూడే పాదాన్ని బలపరిచే గుణాలు. గూళ్ళు వాటికి చేర్పు మాత్రమే. అయినా వేళ్ళ బూట్లే కావాలనుకొన్నవారు రోడ్డు పరుగుకు చేసిన రకాన్ని గాక కాలిబాటకు చేసిన రకాన్నే తీసుకోవాలి. ఉదాహరణకు విబ్రామ్ వారి వి-ట్రెయిల్ రకంలో మెగాగ్రిప్ అన్న రబ్బరుతో పాటు, రాతి మొన పోటును పంచేందుకు అట్ట లోపల దట్టమైన వల పొర ఉంటుంది. ఆ పొర రాళ్ళకు చాలు గాని తుమ్మముల్లును నమ్మకంగా ఆపదు.

బూటు కొన్నవెంటనే కొండకు వెళ్ళడం గాయాన్ని కోరి తెచ్చుకోవడమే. ఇంట్లో, ఆపైన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం వంటి శుభ్రమైన దారుల్లో పైన చెప్పిన 2,500 అడుగుల లెక్కతో మొదలుపెట్టి, రెండు నెలల తరువాతే గుట్ట ఎక్కాలి. మేకులు, లోహపు తరుగు పడి ఉండే అవకాశమున్న నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల వీధులు ఈ సాధనకు తగవు. పిక్కల్లో, మడమ నరంలో రెండు రోజులు తీపు ఉండడం సహజం. కానీ పాదం పైభాగాన ఒకేచోట వేలితో నొక్కినప్పుడు నొప్పి పుట్టి, అది రోజురోజుకూ పెరుగుతుంటే ఎముక దెబ్బతింటోందని అనుమానించి, నడక ఆపి ఎముకల వైద్యుణ్ణి చూడాలి. వీపున బరువు మోస్తూ దిగుడులో నడవడాన్ని అన్నిటికన్నా చివర అలవాటు చేసుకోవాలి.

మధుమేహం ఉన్నవారి విషయం వేరుగా చెప్పవలసినది. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారు. ఉదయపు నడకకు వెళ్ళేవారిలో చాలామంది వైద్యుడి సలహా మేరకే వెళ్తున్నవారు. పలుచని అట్ట ఉపయోగమంతా అరికాలి స్పర్శ మీదనే ఆధారపడి ఉంది. మధుమేహం వల్ల నరాలు మొద్దుబారిన పాదానికి ముల్లు దిగినా తెలియదు, ఆ చిన్న పుండే ముదిరి వేలు తీసేయవలసిన స్థితికి రావచ్చు. నైలాన్ పోగును అరికాలికి ఆనించి స్పర్శను పరీక్షించే పద్ధతి కొద్ది నిమిషాల్లో పూర్తవుతుంది, నొప్పి ఉండదు. మధుమేహం ఉన్నవారు వేళ్ళ బూట్లే కాదు, ఏ పలుచని అట్ట బూటు కొనాలన్నా ముందుగా ఆ పరీక్ష చేయించుకోవాలి. స్పర్శ తగ్గిందని తేలితే ఈ బూట్ల ఆలోచన పూర్తిగా మానుకోవాలి.